పన్నెండు గళ్ళ పట్టికను దాటి: ఇంగ్లీషు టెన్సుల ఎంపిక గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

ఇంగ్లీషు నేర్చుకున్న ప్రతివారికీ పన్నెండు గళ్ళ పట్టిక ఒకటి గుర్తుంటుంది. ఒక వైపు వర్తమానం, భూతం, భవిష్యత్తు. మరొక వైపు సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. ఆ పట్టికను పొల్లుపోకుండా అప్పజెప్పగలిగిన మనిషి కూడా, నిన్న ఎక్కడికి వెళ్ళారని ఎవరైనా అడిగితే "ఐ వెంట్" అనాలా, "ఐ హ్యావ్ గాన్" అనాలా, "ఐ హ్యాడ్ గాన్" అనాలా తేల్చుకోలేక తడబడతాడు. ఇందులో పట్టిక తప్పేమీ లేదు. క్రియారూపాన్ని ఎలా కట్టాలో చెప్పడానికే దాన్ని తయారుచేశారు. ఏ సందర్భంలో ఏ రూపాన్ని ఎంచుకోవాలో చెప్పడం దాని పని కాదు. ఆ రెండో పని మన బోధనలో చాలావరకు మిగిలిపోయింది కాబట్టి, ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

నేను చెప్పదలచుకున్న విషయం ఇది. ఇంగ్లీషు మాట్లాడేవారు టెన్సును ఎంచుకునేటప్పుడు, పని ఎప్పుడు జరిగిందన్న ఒక్క విషయాన్నే చూడరు. ఆ పనికీ తాము మాట్లాడుతున్న క్షణానికీ సంబంధం ఇంకా ఉందా, తెగిపోయిందా అన్నది చూస్తారు. ఆ పనిని ముగిసిన మొత్తంగా చెబుతున్నారా, సాగుతున్నదిగా చెబుతున్నారా అన్నది కూడా చూస్తారు. అందువల్లనే ఒకే సంఘటనను, జరిగిన సమయం మారకపోయినా, రెండు మూడు టెన్సులలో చెప్పవచ్చు. అవన్నీ వ్యాకరణరీత్యా సరైనవే కావచ్చు, కాని వినేవారికి అందే అర్థం మాత్రం వేరుగా ఉంటుంది.

ఇంగ్లీషు క్రియ తన రూపాన్ని మార్చుకొని చూపగలిగే కాలాలు నిజానికి రెండే. "గో" వర్తమానం, "వెంట్" భూతం. భవిష్యత్తుకు క్రియలో ప్రత్యేకమైన రూపం లేదు. "విల్" వంటి సహాయక క్రియలో, వర్తమాన రూపాలో ఆ పని చేస్తాయి. తెలుగులో పరిస్థితి వేరు. "నేను రోజూ ఆరింటికి లేస్తాను", "నేను రేపు ఆరింటికి లేస్తాను" అన్న రెండు వాక్యాలలోనూ క్రియ ఒక్కటే. మన వ్యాకరణంలో తద్ధర్మం అనే విభాగం ఒకటి ఉంది: ఫలానా సమయంలో అని కాకుండా, స్వభావసిద్ధంగా లేదా అలవాటుగా ఎప్పుడూ జరిగే పనిని చెప్పేది. ఇంగ్లీషులోని సింపుల్ ప్రెజెంట్‌కు మన వ్యాకరణంలో అన్నిటికంటే దగ్గరి చుట్టం వర్తమానం కాదు, ఈ తద్ధర్మమే. సింపుల్ ప్రెజెంట్ అన్న పేరు చూసి అది ఇప్పుడు జరుగుతున్న పనిని చెబుతుందని భావించడం దగ్గరే మన తికమక సగం మొదలవుతుంది. "షి టీచెస్ మ్యాథ్స్" అన్నప్పుడు ఆమె ఈ క్షణంలో నిద్రపోతూ ఉండవచ్చు. ఆమె వృత్తి అది అని మాత్రమే ఆ వాక్యం చెబుతుంది. ఇప్పుడు తరగతి గదిలో పాఠం చెబుతున్నదనాలంటే "షి ఈజ్ టీచింగ్" అనాలి.

వృత్తిని, నివాసాన్ని, అలవాటును కంటిన్యువస్‌లో చెబితే వెంటనే తాత్కాలికత వచ్చి చేరుతుంది. "ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్" అంటే అది నా ఉద్యోగం. "ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్" అంటే ప్రస్తుతానికి అక్కడ ఉన్నాను, తరువాత సంగతి తరువాత అన్న ధ్వని వస్తుంది. ఇది తప్పు వాక్యం కాదు కాబట్టి ఎవరూ దిద్దరు. అయితే శాశ్వతోద్యోగి ఇలా చెబితే వినేవారు మరో విధంగా అర్థం చేసుకుంటారు. టెన్సు విషయంలో మనకు ఎక్కువ నష్టం చేసేవి ఇటువంటి వాక్యాలే. తప్పు వాక్యాన్ని ఎవరో ఒకరు సరిదిద్దుతారు. తప్పు లేకుండా వేరే అర్థం ఇచ్చే వాక్యం ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోతుంది.

ఇక్కడే మరొక విషయం చెప్పాలి. స్థితిని తెలిపే క్రియలు మామూలుగా కంటిన్యువస్‌ను ఒప్పుకోవు. "నో", "బిలాంగ్", "వాంట్", "అండర్‌స్టాండ్" వంటివి ఈ కోవకు చెందుతాయి. "నాకు అర్థం కావడం లేదు" అన్న మన వాక్యం సహజంగా ఉంది కాబట్టి "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" అని చాలామంది అంటారు; అక్కడ "ఐ డోంట్ అండర్‌స్టాండ్" అనాలి. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" కూడా ఇలాంటిదే. అయితే "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" సరైన వాక్యం. క్రియ ఒక్కటే అయినా, అన్నదమ్ములు ఉండటం స్థితి, భోజనం చేయడం పని. కాబట్టి కంటిన్యువస్‌లో రాని క్రియల జాబితాను బట్టీ పట్టడం కంటే, ఈ వాక్యంలో ఈ క్రియ స్థితిని చెబుతోందా, పనిని చెబుతోందా అని అడగడం మేలు. "వాట్ డు యు థింక్" అని అడిగితే మీ అభిప్రాయం అడుగుతున్నట్టు. "వాట్ ఆర్ యు థింకింగ్ అబౌట్" అంటే మీ మనసులో ఇప్పుడు ఏది మెదులుతోందని అడుగుతున్నట్టు.

సింపుల్ ప్రెజెంట్‌కు ఇంకా చిన్న చిన్న విధులు కొన్ని ఉన్నాయి. ఆటను చూస్తూ వర్ణించే వ్యాఖ్యాత క్షణాలలో ముగిసే పనులను ఈ రూపంలోనే చెబుతాడు. పత్రికల శీర్షికలు నిన్నటి సంఘటనను ఈ రూపంలోనే చెబుతాయి. కథాసారాంశాన్నీ ఈ రూపంలోనే రాస్తారు. వీటిలో ఒకదాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి: "వెన్", "ఇఫ్", "అంటిల్", "యాజ్ సూన్ యాజ్" వంటి వాటితో మొదలై భవిష్యత్ సమయాన్నీ, షరతునూ చెప్పే ఉపవాక్యంలో "విల్" రాదు. "వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" అన్నది మన నోట తరచూ వచ్చే వాక్యం. అందులో మొదటి "విల్" తీసేసి "వెన్ హి కమ్స్" అనాలి. భవిష్యత్తును ప్రధాన వాక్యంలోని "విల్" ఒకసారి చెప్పేసింది. ఇంగ్లీషు దాన్ని రెండోసారి చెప్పించుకోదు.

ఇక మనం ఎక్కువసేపు ఆగవలసిన చోటు ప్రెజెంట్ పర్ఫెక్ట్. పేరులో ప్రెజెంట్ ఉంది, చెప్పేది జరిగిపోయిన పని. విద్యార్థులకు ఇది వింతగా తోస్తుంది. నిజానికి దాని స్వభావమంతా ఆ పేరులోనే ఉంది. అది జరిగిపోయిన పనిని వర్తమానం వైపు నుంచి చూసి చెప్పే రూపం.

ఒక చిన్న వార్తను తీసుకుందాం. గనిలో చిక్కుకున్న కార్మికుల గురించి నేను కల్పించిన వార్త ఇది. "రెస్క్యూయర్స్ హ్యావ్ రీచ్డ్ ది ట్రాప్డ్ మైనర్స్. దే బ్రోక్ త్రూ ది వాల్ ఎట్ డాన్. టూ ఎర్లియర్ అటెంప్ట్స్ హ్యాడ్ ఫెయిల్డ్. డాక్టర్స్ ఆర్ ఎగ్జామినింగ్ ది మెన్." నాలుగు వాక్యాలు, నాలుగు టెన్సులు. మొదటి వాక్యం ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ఉంది. ఎందుకంటే శ్రోత తెలుసుకోవాలనుకున్నది ఇప్పటి పరిస్థితి. కార్మికుల దగ్గరకు మనుషులు చేరారా, లేదా? ఏ గంటకు చేరారన్నది అక్కడ ముఖ్యం కాదు. రెండో వాక్యంలో "ఎట్ డాన్" అని సమయం వచ్చింది. సమయం రాగానే సంఘటన తన స్థానానికి, అంటే ఆ తెల్లవారుజాముకు, వెళ్ళి నిలబడింది. కాబట్టి సింపుల్ పాస్ట్. మూడో వాక్యం కథను ఒక అడుగు వెనక్కి తీసుకువెళ్ళింది: గోడ పగలగొట్టడానికి ముందు జరిగిన విఫల ప్రయత్నాల సంగతి అది, కాబట్టి పాస్ట్ పర్ఫెక్ట్. నాలుగోది ఇప్పుడు సాగుతున్న పని. ఇంగ్లీషు వార్తలు వినేటప్పుడు ఈ క్రమాన్ని గమనించండి. కొత్త సంగతిని ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో ప్రకటించి, వివరాలలోకి దిగగానే సింపుల్ పాస్ట్‌కు మారడం అక్కడ చాలా తరచుగా కనిపిస్తుంది.

దీని నుంచే అందరికీ తెలిసిన నియమం వస్తుంది: "యెస్టర్‌డే", "లాస్ట్ వీక్", "టూ ఇయర్స్ అగో", "ఇన్ 2010" వంటి ముగిసిన సమయాన్ని చెప్పే మాటలతో ప్రెజెంట్ పర్ఫెక్ట్ రాదు. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అన్న వాక్యంలో "హ్యావ్ సీన్" వర్తమానం వైపు లాగుతుంటే "యెస్టర్‌డే" నిన్నటి వైపు లాగుతుంది. రెండింటిలో ఒకటి వదులుకోవాలి.

అయితే ముగిసిన పని, ముగిసిన సమయం ఒకటి కావు. మనుషులు తొలిసారి చంద్రుని మీద దిగింది 1969 జులై 20న. సంవత్సరం చెప్పి ఆ సంగతి అనాలంటే "మెన్ ఫస్ట్ ల్యాండెడ్ ఆన్ ది మూన్ ఇన్ 1969" అనాలి; వేరే దారి లేదు. చంద్రుని మీద ఇప్పటివరకు నడిచినవారు పన్నెండుగురు; చివరివారు నడిచింది 1972లో. ఇది ఎప్పుడో ముగిసిన పనే. అయినా "ట్వెల్వ్ పీపుల్ హ్యావ్ వాక్డ్ ఆన్ ది మూన్" అని ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లోనే చెబుతారు, ఎందుకంటే ఆ లెక్క మూసుకుపోలేదు. రేపు పదమూడో మనిషి నడవవచ్చు. సంఘటన పాతదే, లెక్క మాత్రం ఈ క్షణం దాకా తెరిచి ఉంది.

ఈ తెరిచి ఉండటం, మూసుకుపోవడం అన్న భేదం మనుషుల జీవితానికీ వర్తిస్తుంది. జీవించి ఉన్న రచయిత గురించి "షి హ్యాజ్ రిటెన్ ఫైవ్ నావెల్స్" అంటే ఆరోది రావచ్చునన్న అవకాశం ఆ వాక్యంలోనే ఉంది. 1616లో మరణించిన షేక్‌స్పియర్ గురించి "హి హ్యాజ్ రిటెన్ మెనీ ప్లేస్" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "హి రోట్" అనాలి. అలాగని మరణించినవారి గురించి ప్రెజెంట్ పర్ఫెక్ట్ అసలే వాడకూడదని నియమం రాసుకోకండి. "షేక్‌స్పియర్ హ్యాజ్ ఇన్‌ఫ్లుయెన్స్‌డ్ కౌంట్‌లెస్ రైటర్స్" అన్నది సలక్షణమైన వాక్యం, ఎందుకంటే రాయడం ఆగిపోయింది గాని ప్రభావం ఆగలేదు. నియమాన్ని పట్టుకొని వేలాడేవారికీ, దాని వెనుక ఉన్న కారణాన్ని పట్టుకున్నవారికీ తేడా ఇటువంటి చోట బయటపడుతుంది.

తెలుగువారికి ప్రత్యేకంగా తలనొప్పి తెచ్చే చోటు మరొకటి ఉంది. "మూడేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను" అని మనం అంటాం. మన క్రియ "పనిచేస్తున్నాను" అని వర్తమానంలో ఉంటే సరిపోతుంది. మూడేళ్ళ సంగతిని "మూడేళ్ళుగా" అన్న మాట చూసుకుంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా దించితే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అవుతుంది. ఇందులో తప్పులు రెండు. గతంలో మొదలై ఇప్పటివరకు వచ్చిన నిడివిని ఇంగ్లీషులో క్రియ కూడా చూపాలి; కాబట్టి "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్" అనాలి. "సిన్స్" మొదలైన బిందువును చెబుతుంది, "ఫర్" నిడివిని చెబుతుంది. కాబట్టి "ఫర్ త్రీ ఇయర్స్" అనాలి, లేదా మొదలుపెట్టిన సంవత్సరం చెప్పి "సిన్స్ 2021" వంటిది అనాలి. ఇప్పుడు "హ్యావ్" తీసేసి "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్" అని చూడండి. వాక్యంలో తప్పేమీ లేదు, కాని వినేవారికి మీరు ఆ ఉద్యోగం మానేశారన్న వార్త అందుతుంది. ఇంటర్వ్యూలో ప్రస్తుత ఉద్యోగం గురించి ఇలా చెప్పిన మనిషిని తరువాతి ప్రశ్నగా "ఎందుకు మానేశారు" అని అడిగితే, ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు.

అమెరికావారి వాడుకలో ఈ గీత కొంత సడలింది. "ఆల్రెడీ", "జస్ట్", "యెట్" వంటి మాటలతో బ్రిటన్‌వారు ఎక్కువగా ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడే చోట, అమెరికావారు సింపుల్ పాస్ట్ కూడా స్వేచ్ఛగా వాడతారు. "డిడ్ యు ఈట్ యెట్" అన్న ప్రశ్న విని అది తప్పని దిద్దబోకండి. కాని "యెస్టర్‌డే"తో ప్రెజెంట్ పర్ఫెక్ట్ రాకపోవడం రెండు చోట్లా ఒకటే.

పాస్ట్ పర్ఫెక్ట్ విషయానికి వస్తే, మనవారు దీన్ని అవసరానికి మించి వాడతారని నా అభిప్రాయం. పని జరిగి కొంతకాలమైందని చెప్పడానికి "హ్యాడ్" చేర్చడం ఒక అలవాటుగా మారింది. "ఐ హ్యాడ్ మెట్ హర్ లాస్ట్ వీక్" అంటే, విన్నవారు తరువాతి మాట కోసం ఎదురుచూస్తారు: దేనికి ముందు కలిశారు? పాస్ట్ పర్ఫెక్ట్‌కు ఆసరాగా గతంలోనే మరొక బిందువు కావాలి. అది లేనప్పుడు "ఐ మెట్ హర్ లాస్ట్ వీక్" అన్నది చాలు. వ్యాకరణ పుస్తకాలలో డాక్టరు వచ్చేలోగా మరణించే రోగి ఒకడున్నాడు. తరతరాలుగా అతనికి మోక్షం లేదు. "ది పేషెంట్ హ్యాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్" అన్న ఆ ప్రసిద్ధ వాక్యంలో "హ్యాడ్" తప్పు కాదు గాని తప్పనిసరి కూడా కాదు, ఎందుకంటే ఏది ముందో "బిఫోర్" చెప్పేసింది. "బిఫోర్" బదులు "వెన్" పెట్టి చూడండి. "వెన్ ది డాక్టర్ కేమ్, ది పేషెంట్ డైడ్" అంటే డాక్టరు రాకకూ మరణానికీ ఏదో సంబంధం ఉన్నట్టు ధ్వనిస్తుంది! "హ్యాడ్ డైడ్" అంటే అప్పటికే పోయాడు. "వాజ్ డయింగ్" అంటే కొన ఊపిరితో ఉన్నాడు. ఒక మనిషి ప్రాణం టెన్సు మీద ఆధారపడిన సందర్భం ఇది. "హ్యాడ్" ఎక్కడ పనిచేస్తుందో చూపాలంటే, పుస్తకాలు ఇస్తున్న వాక్యం కంటే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టడం ఎక్కువ ఉపయోగం.

పాస్ట్ కంటిన్యువస్ కథకు నేపథ్యాన్ని ఇస్తుంది, సింపుల్ పాస్ట్ కథను నడుపుతుంది. "ఇట్ వాజ్ రెయినింగ్ వెన్ వి లెఫ్ట్" అన్న వాక్యం చాలు దీనికి. గతంలోని అలవాట్లకు సింపుల్ పాస్ట్ లేదా "యూజ్డ్ టు" వాడతారు, కంటిన్యువస్ కాదు. "చిన్నప్పుడు రోజూ ఈదేవాణ్ణి" అనడానికి "ఐ వాజ్ స్విమ్మింగ్ ఎవ్రీ డే" అంటే సాధారణంగా ఏదో కొద్దికాలపు ముచ్చట అనిపిస్తుంది. "ఐ యూజ్డ్ టు స్విమ్" అన్నది సరైన దారి.

భవిష్యత్తులో మనకు కనిపించే దారి "విల్" ఒక్కటే. ఇంగ్లీషు మాట్లాడేవారికి కనీసం నాలుగు దారులున్నాయి. ఫోను మోగుతుంది, లేచి "ఐ విల్ గెట్ ఇట్" అంటారు. ఆ నిర్ణయం అప్పటికప్పుడు పుట్టింది. నల్లటి మబ్బులు చూసి "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అంటారు. సూచన కళ్ళెదుట ఉంది. ముందే అనుకున్న పనికి కూడా "గోయింగ్ టు" వస్తుంది. ఎదుటివారితో మాట్లాడి ఖాయం చేసుకున్న పనికి "ఐ యామ్ మీటింగ్ హర్ టుమారో" అంటారు. సమయపట్టిక ప్రకారం నడిచే వాటికి "ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ నైన్" అంటారు. రేపటి పని గురించి మిత్రునితో మాట్లాడుతూ ప్రతి వాక్యంలోనూ "విల్" పెడితే, అర్థం అందకుండా పోదు గాని, ప్రతి పనినీ అక్కడికక్కడ నిర్ణయించుకుంటున్నట్టు వినిపిస్తుంది.

"షల్", "విల్" తేడా గురించి కొందరు పెద్దలు ఇప్పటికీ పట్టుబడతారు. ఉత్తమ పురుషలో భవిష్యత్తుకు "షల్", మిగతా వాటికి "విల్" అన్న ఆ నియమాన్ని 1653లో ఇంగ్లీషు వ్యాకరణాన్ని లాటిన్‌లో రాసిన జాన్ వాలిస్ సూత్రీకరించాడు. అనంతానికి మనం ఇప్పుడు వాడే గుర్తును గణితంలో ప్రవేశపెట్టినవాడు ఆయనే. గుర్తు నిలిచింది, నియమం మాత్రం వాడుకలో దాదాపు కొట్టుకుపోయింది. "షల్ వి గో" వంటి ప్రశ్నలలోనూ చట్టాల భాషలోనూ తప్ప "షల్" కోసం కష్టపడనవసరం లేదు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ కోసం అంతకంటే తక్కువ కష్టపడవచ్చు. ఎదురైనప్పుడు అర్థమైతే చాలు.

కాలంతో సంబంధం లేని భూతకాలం ఒకటి ఇంగ్లీషులో ఉంది. "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్" అన్న మనిషి ఇప్పుడే అడగాలనుకుంటున్నాడు. "వాంట్" అంటే ఒత్తిడి చేసినట్టుంటుందని ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఐ వాజ్ వండరింగ్" కూడా అంతే. "ఇఫ్ ఐ హ్యాడ్ మోర్ టైమ్" అన్నప్పుడు లేని సమయం గురించి, ఇప్పటి సంగతే చెబుతున్నాం. "ఇట్ ఈజ్ టైమ్ వి లెఫ్ట్" అన్నవారు ఇంకా బయలుదేరలేదు. ఈ చోట్లన్నిటా భూతరూపం సూచించేది దూరాన్ని. మామూలు భూతకాలం చెప్పే, నిన్నటికి ఉన్న దూరం ఒకటి, వాస్తవానికి ఉన్న దూరం మరొకటి, మర్యాద కోసం పాటించే దూరం ఇంకొకటి. భూతరూపాన్ని గడిచిన కాలంగా మాత్రమే నేర్చుకున్నవారికి ఇవి మినహాయింపులుగా కనిపిస్తాయి. దూరాన్ని చూపే రూపంగా నేర్చుకున్నవారికి వీటికోసం వేరే పాఠం అవసరం లేదు.

సాధన ఎలా చేయాలని మీరు అడుగుతారు. ఖాళీలు పూరించే అభ్యాసాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఎందుకంటే అక్కడ వాక్యం వేరెవరిదో, సందర్భం ఎవరిదీ కాదు. దానికి బదులు మంచి ఇంగ్లీషులో రాసిన ఒక పేజీ తీసుకొని, క్రియల కింద మాత్రమే గీతలు గీయండి. ఎక్కువ భాగం సింపుల్ రూపాలే ఉండటం మీరే గమనిస్తారు. అందువల్ల ముందు వాటి మీద పట్టు సాధించాలి. టెన్సు మారిన ప్రతిచోటా ఆగి, రచయిత ఇక్కడ ఎందుకు మార్చాడని అడగండి. కారణం తరచుగా పక్కనే ఉన్న సమయసూచక పదంలో దొరుకుతుంది; దొరకని చోట రచయిత దృష్టి మారి ఉంటుంది. ఆ తరువాత, మీకు నిజంగా జరిగిన ఒక సంఘటనను మూడు రకాలుగా రాయండి: ఇప్పుడే అందిన కబురుగా ఒకసారి, పదేళ్ళ కిందటి కథగా ఒకసారి, రేపు చేయబోయే పనిగా ఒకసారి. రాసిన దానిలోని ప్రతి "హ్యావ్", ప్రతి "హ్యాడ్", ప్రతి "విల్" తీసేసి చదవండి. తీసినా అర్థం మారకపోతే, వాక్యం ఇంకా నిలబడితే, అది అక్కడ అవసరం లేదన్నమాట. అర్థం మారిపోతే ఎలా మారిందో పక్కన తెలుగులో ఒక వాక్యం రాసుకోండి. ఇప్పుడు ప్రశ్నలుంటే వింటాను.